ఉస్తాద్ ఎడమ చెవి

మొన్న రాజధాని శివారు ద్వారకలో మా ఇంటి దగ్గరి చెవుల డాక్టరు గదిలో, పరీక్ష చేసే అమ్మాయి నా ఎడమ చెవి వెనక బొమికె మీద చల్లటి బిళ్ల లాంటిదేదో ఆనించి "సునాయీ దేతా హై, అంకుల్?" అని అడిగింది చూశారూ, వినపడిందో లేదో చెప్పడం మరిచిపోయి అలాగే ఉండిపోయాను. ఎందుకంటే కరోల్ బాగ్ సందులో ఒక మనిషి నా పాత మోటారు సైకిలు ఇంజన్ మీద స్క్రూడ్రైవరు మొన పెట్టి, దాని పిడిని సరిగ్గా అక్కడే, తన ఎడమ చెవి వెనక ఆనించి కళ్లు మూసుకునేవాడు. ఆ చెవిని పాడుచేసింది నేనే. ఇప్పుడు నా చెవికి తిప్పలొచ్చాయంటే, చేసుకున్నవాడికి చేసుకున్నంత అని మా ఆవిడ అనకుండా ఊరుకోవడం ఆవిడ మంచితనం.

అప్పట్లో నేను కంటోన్మెంటులో గుమస్తా హవల్దారుని. నాకు నోటికంటే చెయ్యి ముందు లేచేది. మా నాన్న బెల్టూ, బళ్లో మాస్టారి పేము బెత్తమూ, సైన్యంలో డ్రిల్లు నేర్పినాయన బూటుకాలూ కలిసి పెంచిన ఒళ్లు ఇది, దెబ్బ పడనిదే ఏదీ బుర్రకెక్కదని మన తరం నమ్మింది కదండీ, నేను ఇంకొంచెం ఎక్కువ నమ్మాను.

బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక సుబేదారు దగ్గర ఆ బండి కొన్నాను. అప్పటికే ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన శాల్తీ. అయినా దాని ఇంజన్ ఒక్కసారి కూడా విప్పలేదని, కంపెనీ బిగించిన బోల్టులు బిగించినట్టే ఉన్నాయని ఆయన చెప్పిన మాట నాకు తలకెక్కింది. విప్పిన ఇంజను విరిగిన మనసు లాంటిది, మళ్లీ అతకదని కనపడ్డవాడికల్లా చెప్పేవాణ్ణి. ఆర్నెల్లు తిరక్కుండానే అది నిలబడి ఉన్నప్పుడు చిల్లపెంకుల్లో గరిటె తిప్పినట్టు గరగరమనడం మొదలెట్టింది. ఆఫీసులో ఒకాయన పిస్టన్ అరిగిందన్నాడు, ఇంకొకాయన ఆయిలు కల్తీ అన్నాడు, నేను ఆయిలు మార్చాను, ప్లగ్గు మార్చాను, పెట్రోలు బంకు కూడా మార్చాను, మహాతల్లి గరగర మానలేదు.

చివరికి అందరూ ఉస్తాద్ అని పిలిచే ఆ మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన పొద్దున్నే చల్లటి ఇంజన్‌ని స్టార్టు చేయించి, పొగ వాసన చూసి, ప్లగ్గు మసి వేలితో రాసి చూసి, ఆ తరవాత స్క్రూడ్రైవరు ఆనించి ఒక్కో చోటా విన్నాడు. ఇంజన్ లోపలి టైమింగ్ చైను సాగిపోయింది, పరుగులో తెగితే ఇంజన్ బిగుసుకుని మనిషిని విసిరేస్తుంది అన్నాడు. నేను బండి అక్కడే వదిలి బస్సుకి పరిగెడుతుంటే వెనకనుంచి, "సాబ్, ఖోల్ దూ? చైన్ నయీ లే దూ?" అని, అంటే విప్పనా, కొత్తది తెచ్చి వెయ్యనా అని కేకేశాడు. నేను తల వెనక్కి తిప్పి "లేదు, లేదు!" అని అరిచి బస్సెక్కేశాను. ఎంత హిందీ నేర్చినా కాదనాల్సొస్తే నా నోట తెలుగే వచ్చేది.

సాయంత్రం వెళ్లేసరికి ఇంజన్ మూత అంచున, విప్పి బిగించేటప్పుడు రాసే ఎర్ర జిగురు కొత్తగా మెరుస్తోంది. విప్పేశాడు! అడగలేదండీ, ఒక్క మాట అడగలేదు. అరచెయ్యి విప్పి ఆయన చెవీ దవడా కలిపి కొట్టాను. పానాల మీద పడ్డాడు, లేచి చేతికందిన పెద్ద పానాతో నా కనుబొమ చీల్చాడు, నేను డొక్కలో తన్నాను, ఆయన నా చొక్కా పట్టుకుని తల గోడకేసి బాదాడు. జనం విడదీసేసరికి ఆయన చెవిలోంచి రక్తం మెడ మీదికి కారుతోంది. పక్క దుకాణం టైర్లాయన బండి స్టార్టు చేశాడు. గరగర లేదు. కుట్టుమిషనులా నడిచింది. ఆ టైర్లాయనే పాత చైను తీసి నా మొహాన విసిరాడు, చూస్తే ఒక లింకు సగానికి చిట్లి ఉంది. అదే బండి మీద రోజూ మా ఆవిణ్ణి వెనక ఎక్కించుకుని ధౌలా కువాన్ మలుపు తిరిగేవాణ్ణి.

ఇంటికెళితే మా ఆవిడ నా నుదురు కడుగుతూ, అసలు అతనితో ఏమన్నారో చెప్పండి అంది. లేదు లేదు అన్నానన్నాను. హైదరాబాదులో పుట్టిన మనిషి, హిందీ ఆవిడకి నీళ్లప్రాయం. తల పట్టుకుని కూలబడింది. "ఓరి నాయనో, వాళ్ల భాషలో 'లే దో' అంటే తెచ్చివ్వమని కదండీ! మీరు వెయ్యమన్నారు, అతను వేశాడు!"

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు ఇద్దరం వెళ్లి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళితే, లోపలి పొర చిరిగిందన్నారు. ఆయన కుడి చెవి చిన్నప్పుడే పని నేర్పిన గురువు చెంపదెబ్బకి పోయిందట, ఆ గురువుది ఎడమచేతి వాటమట. నాది కుడిచేతి వాటం. మా ఆవిడ ఆయన మొహం దగ్గర అరిచి మరీ 'లేదు' సంగతి చెబితే, ఉస్తాద్ నావంక చూసి, మీ భాషలో కాదనడం కూడా ఇవ్వమన్నట్టే ఉంటుందా సాబ్ అని నవ్వాడు. ఆ నవ్వు కంటే ఇంకో పానా దెబ్బ తిన్నా బాగుండేది.

ఆ చెవి తిరిగి రాలేదు. ఆయన స్క్రూడ్రైవరు పిడిని పళ్ల మధ్య కరిచి ఇంజన్ వినడం నేర్చుకున్నాడు, దవడలోంచి చప్పుడు ఎక్కుతుందట. సందులో వాళ్లు చూసి నవ్వేవారు. నాకు బదిలీ అయింది, ఏళ్ల తరవాత తిరిగొస్తే అక్కడ ఫోన్ల దుకాణం ఉంది, ఎవరిని అడిగినా ఆయన ఎటు వెళ్లాడో చెప్పలేదు. ఇప్పుడు మా సొసైటీ కుర్రాళ్ల బళ్లకి రోగం వస్తే తెర మీద అంకె పడుతుంది. ఎవరూ చెవి పెట్టక్కర్లేదు. ఆ చెవి మీద ఎవడూ చెయ్యెత్తక్కర్లేదు, అదొక మేలు. అయినా కళ్లు మూసుకుని యంత్రం గోడు విన్న మనిషి మాత్రం మళ్లీ నాకు తగల్లేదు.

మొన్న ఆ అమ్మాయి పరీక్ష ముగించి, "మషీన్ లే దూ, అంకుల్?" అంది. ఈ వయసులో నాకు చెవి మిషనేమిటని, అలవాటు కొద్దీ, "లేదు" అన్నాను. తను సంతోషంగా లేచి వెళ్లి మిషను తెచ్చి నా ఎడమ చెవికి పెట్టింది. కాదని చెప్పడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను.