చిన్నమ్మి చీరలు

మొన్న మా మనవరాలు విశాఖ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే ఫోను నా ముక్కు దగ్గర పెట్టింది. ఏదో బట్టల కొట్టు. దానికి గోడల్లేవు, గుమ్మం లేదు, అంతా ఆ ఫోనులోనే ఉందిట. అందులో ఒక తెల్లచీర, దాని కింద పెద్ద అక్షరాలతో 'వాలుగ చేప దవడతో దువ్విన పొందూరు నూలు' అని గొప్పగా రాశారు. చీర కొంటే కొంత సొమ్ము ఏదో పల్లెటూరి బడికి వెళ్తుందిట. "ఎంత కొత్త ఆలోచనో చూడు అమ్మమ్మా!" అంది పిల్ల. నేను కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివాను. ఏ మాట విని ఒకప్పుడు మా చీరల్ని అంటుకోకుండా వదిలేసి పోయారో, ఇప్పుడు ఆ మాట చెప్పే అమ్ముతున్నారు. నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్లు మండింది కూడా.

ఇది అరవైల చివరినాటి సంగతి. మా మేనత్తే నాకు అత్తగారు. ఆవిడ కాపురం బెంగాల్లో, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో, మనసు మాత్రం పొందూరు పక్కన మా ఊళ్లో. ఊరికీ పొందూరుకీ నడుమ ఒక గెడ్డ పారుతుంది. ఎండాకాలం మేకపిల్లలు కూడా దాటేస్తాయి గానీ, వానాకాలం పొంగిందంటే బండికీ మనిషికీ దారుండదు. అత్తకి ఒక చెల్లెలుండేది, ఇంటిల్లిపాదీ చిన్నమ్మి అని పిలిచేవారు. తొలికాన్పుకి పుట్టింటికొచ్చింది. నొప్పులొచ్చిన రోజే గెడ్డ పొంగింది. మంచం మీద మోసుకెళ్లినవాళ్లు గట్టు మీదే నిలబడిపోయారు. నీళ్లు తీసేలోపల తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. అత్త ఆ ఏడుపు ఏడ్చి ఊరుకోలేదు. గెడ్డకి ఇవతల, ఊళ్లోనే ఒక కాన్పుల గది కట్టాలని పట్టుబట్టింది. అందుకోసం మా నాయనమ్మ కట్టుకునే పాతకాలపు ఎర్రంచు చీరలూ, పంచెలూ మా ఊరి నేతగాళ్లచేత నేయించి, ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్లకి అమ్మేది. మిగిలిందంతా గదికే. ప్రతి బట్ట మూలా నీలం దారంతో గెడ్డ అలలాంటి చిన్న కుట్టు వేసేది. వాటికి చిన్నమ్మి చీరలు అని పేరు పడిపోయింది. క్వార్టర్సులో ఎవరైనా వేరే చీర కట్టుకుని ఎదురైతే అత్త కొంగు పట్టుకుని నలిపి చూసి, "ఇదేటమ్మా, గోనె కట్టుకొచ్చినావు?" అనేది. ఆ నోటికి భయపడి కొన్నవాళ్లు కూడా ఉన్నారు.

ఆ ఏడు నాకు తొలిచూలు. ఏడో నెలలో పుట్టింటికి చేరాను. కాన్పుల గదికి గోడలు లేచాయి గానీ పైకప్పు లేదు. పొందూరు నర్సమ్మ ఖచ్చితంగా చెప్పేసింది, పైన కప్పు పడితేనే వానాకాలం వచ్చి ఉంటానని. నా నెలలు నిండేది సరిగ్గా ఆషాఢంలో. అదృష్టం కొద్దీ ఖరగ్‌పూర్‌లో మనవాళ్లు కట్టిన రామాలయానికి ప్రతిష్ఠ కుదిరింది. దేవుడికీ, పీటల మీద కూర్చునే దంపతులందరికీ చిన్నమ్మి బట్టలే కావాలన్నారు. ఆ బట్టలు వాళ్లు తీసుకుంటే పెంకులొస్తాయి. అత్త ముందుగానే వచ్చి, మగ్గాల దగ్గర కూర్చుని, నేతగాళ్లని కాల్చుకుతిని మరీ నేయించింది.

గుడి తరఫున ఒక పెద్దాయన ఆదివారం అరసవల్లిలో దర్శనం చేసుకుని, బట్టలు తీసుకెళ్దామని మా ఊరొచ్చాడు. నిష్ఠగల మనిషి, మా ఇంట మంచినీళ్లు కూడా తన చెంబులోవే తాగాడు. మూటలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. ఇచ్చి పంపేస్తే అయిపోను. అత్త ఊరుకుంటేనా! మన పనితనం చూపించాలని ఆయన్ని నూలు వడికే పెద్దమ్మ అరుగు దగ్గరికి తీసుకెళ్లింది. పెద్దమ్మ పత్తి దువ్వుతోంది.

"ఆ చేతిలోది ఏమిటమ్మా?" అన్నాడాయన.

"వాలుగ దవడ బాబూ. దీని పళ్లతో దువ్వితే నలకన్నది ఉండదు," అంది అత్త మురిసిపోతూ.

"దవడా? చేపదా?"

మా వైపు పుట్టినవాళ్లకి అది దువ్వెన కింద లెక్క. అది చేప నోట్లోంచి వచ్చిందన్న ధ్యాసే ఉండదు. ఆయన వెనక్కి జరిగి నిలబడ్డప్పుడు గానీ మాకు తెలిసిరాలేదు. దేవుడి మీద కప్పే బట్ట! పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు. "అమ్మా, నీ గది సంగతి నాకు తెలుసు. ఈ బట్టలకి అది తగల్లేదని ఒక్క మాట అను. ఆ మాట పట్టుకుని తీసుకుపోతాను," అన్నాడు. అనెయ్యి అత్తా, అనెయ్యి అని లోపల్లోపల మొక్కుకుంటున్నాను.

"తగిలింది బాబూ," అంది అత్త. "తగలకపోతే ఇంత నున్నగా ఎలగొస్తాది?"

ఆయన దణ్ణం పెట్టి, బండెక్కి వెళ్లిపోయాడు. మూటలు అరుగు మీదే ఉండిపోయాయి.

నాకు ఒళ్లు తెలీని కోపం వచ్చింది. "ఒక్క మాటంటే నీ సొమ్మేటి పోయింది అత్తా? రేపు గెడ్డ పొంగితే నన్నెక్కడ పడుకోబెడతావు?" అని అరిచాను. అత్త మూట విప్పి, చీర మూల నా కళ్లముందు పెట్టింది. "ఇది సూడే గుంటా. ఈ కుట్టు సూడు. సిన్నమ్మి పేరెట్టి అబద్దమాడమంటావేటి?" అంది. మర్నాడే మూటలన్నీ వేసుకుని రైలెక్కింది. పోతూపోతూ, ఎందుకో మొండితనంతో, పెద్దమ్మ చేతిలోని దవడ కూడా అడిగి పుచ్చుకుంది.

ఆ తర్వాత అన్నీ ఎదురుచూపులే. ఆషాఢం రానే వచ్చింది. కప్పులేని గదిలో మొదటి వాన చెరువు కట్టింది. నాన్న పొద్దున్న లేస్తూనే గెడ్డ దగ్గరికి పోయి వచ్చేవాడు. నాకు అన్నం సహించేది కాదు. కళ్లు మూసుకుంటే గట్టు మీద మంచమే కనిపించేది. ఒకరోజు మధ్యాహ్నం నాన్న పరుగున వచ్చి, "ఎర్రనీరు వచ్చేసింది," అన్నాడు. ఎగువన కొండల్లో గట్టి వాన పడితేనే ఎర్రనీరు దిగుతుంది. ఇంక గంటల్లో గెడ్డ పొంగుతుందన్నమాట. అప్పుడే అవతలి గట్టు నుంచి కేక వినిపించింది. పెంకుల బళ్లు! ముందు అత్త, ఆవిడ వెనకే నర్సమ్మ, చీరలు ఎగదోపుకుని, నీళ్లలోకి దిగేశారు. ఊరు ఊరంతా పరిగెత్తింది. ఇరుసు మునిగే నీళ్లలో ఎడ్లు బెదిరి ఆగిపోతే, మగాళ్లు చక్రాలకి భుజాలిచ్చి తోశారు. ఆఖరి బండి గట్టెక్కే వేళకి నీటి హోరు మాట వినపడనివ్వలేదు.

"ఎవులు కొన్నారత్తా?" అన్నాను, తడిసిన ఆ మనిషిని వాటేసుకుని.

"మా పక్కింటి గార్డుగారి పెళ్లాం, బెంగాలీ ఆవిడ. సేప ముట్టిందని మనోళ్లు ఒగ్గేసినారని సెప్పి ఏడుస్తన్నాను. ఆ తల్లి నా సేతిలో దవడ అట్టుకుని కళ్లకద్దుకున్నాదే! ఆళ్ల పెళ్లిళ్లకి సేపకి సీర సుట్టి బొట్టెడతారట. సాయంత్రానికి ఆళ్లోళ్లందరినీ లాక్కొచ్చీసింది. ఒక్క పంచె మిగిల్తే ఒట్టు!"

పెంకులు నేసిన నాలుగైదు రోజులకి, గెడ్డ రెండు గట్లూ ఒరుసుకుని పారుతుంటే, ఆ గదిలో నాకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డని మొదట ఎత్తుకున్నది అత్త. పిలిచిన పేరు వేరే చెప్పాలా? ఆ చిన్నమ్మికి ఇప్పుడు జుట్టు నెరిసింది, మోకాళ్ల నెప్పులు, ఫోను చూపించిన ఈ మనవరాలు దాని కూతురే. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరిని కాలం చెయ్యి పట్టుకుని ఇంత దూరం నడిపించుకొచ్చింది, ఆ మొదటి చిన్నమ్మి మాత్రం పంతొమ్మిదేళ్లకే ఆగిపోయి ఇంకా ఆ గట్టు మీదే ఉంది.