విప్పమంటే విప్పాల్సిందే

షెడ్డులో ఆమెను గయ్యాళి అనేవారు, అదీ ఎదురుగానే. ఆమె కూడా ఆ పిలుపుకు పలికేది. అంతరిక్షం నుంచి దిగే క్యాప్సూల్‌కు పారాచూట్లు మడవడం ఆమె పని. పొడుగాటి బల్ల మీద గుడ్డ పరిచి, తాళ్లు చిక్కుపడకుండా మడత మీద మడత వేయాలి. ఆ పనిలో పెట్టించింది అక్క మొగుడు, షెడ్డు సూపర్‌వైజరు. అమ్మానాన్నలు పోయాక ఆమెను ఇంట్లో పెట్టుకుని సాకిందీ ఆ బావే. కాదనడానికి లేదు.

ఒకసారి క్యాప్సూల్ దిగుతుండగా పారాచూట్ మెలిపడింది. నేలను గుద్దుకుని లోపలున్న ముగ్గురూ పోయారు. పైవాళ్లు తమ మనుషులతోనే ఒక కమిటీ వేసుకుని, తప్పంతా గాలిదని తేల్చి చేతులు దులుపుకున్నారు. గాలి వచ్చి సాక్ష్యం చెప్పదు కదా! చచ్చినవాళ్ల ఇళ్లవాళ్లు మాత్రం ఊరుకోలేదు. వాళ్ల పోరు పడలేక ప్రభుత్వం బయటివాళ్లతో విచారణ వేసింది. దానికి పెద్ద ఒక రిటైర్డ్ జడ్జిగారు. పైవాళ్లు ఇచ్చిన టీ కూడా ముట్టని మనిషి ఆవిడ.

షెడ్డులో ఒక పాడు అలవాటుండేది. షిఫ్టు అయిపోతే సగం మడిచిన పారాచూట్‌ను అలాగే వదిలి వెళ్లేవారు. ఎక్కడ ఆపారో నోటిమాటే. వచ్చినవాళ్లు అక్కడి నుంచి అందుకునేవారు. విప్పి మొదటి నుంచి మడుస్తానంటే బావ మొహం వాచేలా చీవాట్లు పెట్టేవాడు. మెలిపడిన పారాచూట్ కూడా అలా చేతులు మారిందే.

"విచారణలో అడిగితే, మొదలుపెట్టినవాళ్లే ముగించారని చెప్పండి. అందరం ఒకే మాట మీదుంటే ఎవడూ ఏం పీకలేడు," అన్నాడు బావ. అందరూ తలలూపారు, ఆమె తప్ప.

ఇంటికొస్తే అక్క మండిపడింది. "తిన్నింటి వాసాలు లెక్కపెడతావుటే?"

"ఆ ముగ్గురి ఇళ్లకీ వెళ్లి తప్పు గాలిదేనని నువ్వు చెప్పిరా, నేనూ నోరు మూసుకుంటా."

"నోరు తెరిచావో, నాకు చెల్లెలే లేదు!"

తెరిచింది. ఉన్నదంతా కక్కేసింది. ఇలా మళ్లీ జరక్కుండా ఏం చేయాలని జడ్జిగారు అడిగారు.

"మొదలుపెట్టినవాళ్లే ముగించాలండీ. ఎదురుగా ఇంకొకరు నిలబడి చూడాలి. వాళ్లు విప్పమంటే విప్పాలంతే, ఎందుకని అడక్కూడదు. అడిగి అడిగే మా షెడ్డులో నోళ్లు మూయించారు."

అదే రూలైంది. బావ ఉద్యోగం ఊడింది. అక్క అన్న మాట నిలబెట్టుకుని తలుపేసుకుంది. షెడ్డులో ఆమె పక్కన కూర్చుని తినే దిక్కు లేదు. వాళ్లను ఆమె పూచికపుల్ల పాటి కూడా లెక్కచేయలేదు. అక్క కోసం మాత్రం కుళ్లికుళ్లి ఏడ్చింది.

ఏళ్లు గడిచాక అక్క కూతురు అదే షెడ్డులో చేరింది. మడతలు చూసే పనికి తీసుకెళ్లి ఆమె బల్లకు ఎదురుగానే నిలబెట్టారు. ఉగ్గుపాలతోనే పిన్ని మీద పగ తాగిన పిల్ల. 'పిన్నీ' అనదు, 'మేడమ్' అంటుంది, అదీ పళ్లు నూరుతూ.

ఒక సాయంత్రం ఆఖరి మడత పడింది. బయట బస్సు హారన్ కొడుతోంది.

"విప్పండి మేడమ్," అంది పిల్ల.

మడతలో ఏ లోపమూ లేదు. అది ఆమెకూ తెలుసు, మూతి బిగపట్టి నవ్వు ఆపుకుంటున్న ఆ పిల్లకూ తెలుసు. షెడ్డంతా పని ఆపి చూస్తోంది. గయ్యాళికి ఒళ్లు మండిపోయింది. చెంప పగలగొట్టాలనిపించింది. కానీ తను ఒక్కసారి ఎందుకని అడిగితే, రేపటి నుంచి ప్రతివాడూ అడుగుతాడు. ఆ తర్వాత విప్పమనే ధైర్యం ఎవరికీ ఉండదు.

పళ్లు బిగించి తాడు లాగింది. పూటంతా వేసిన మడతలు బల్ల మీద విచ్చుకుపోయాయి. బస్సు వెళ్లిపోయింది.

"నీ మడత నీ చేతే విప్పించానని మా అమ్మకి చెప్తా," అంది పిల్ల కసిగా.

"చెప్పవే. ఎందుకని అడగలేదని కూడా చెప్పు," అని ఆమె మళ్లీ మొదటి మడత అందుకుంది.