వలకు పట్టించే తుమికికాయ

నా చిన్నప్పుడు మా ఇంట్లో తుమికికాయ తినే వస్తువు కాదు. రాజోలు దగ్గర గోదావరి పాయ ఒడ్డున, వలల మీదా పడవ మీదా బతికే కుటుంబం మాది. పచ్చి తుమికికాయలు దంచి కుండలో నానబెట్టి, ఆ రసంలో నూలు వలలు ముంచి ఎండేసేవారు. రసం పట్టిన వల నల్లబడి, బిగిసి, ఉప్పునీటికి చివకకుండా నిలిచేది. పడవ చెక్కల సందులకూ అదే పూసేవారు. కాయలు దొరకని రోజుల కోసం ముక్కలు కోసి ఎండబెట్టి బుట్టలో దాచేవారు. ఒకసారి పచ్చికాయ కొరికి నాలుక మొద్దుబారిపోతే, "వలని బిగించేది పేగుల్ని బిగించదేంట్రా?" అని మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, నా వీపు మీద ఒకటి వేసింది. మా పడవలవాళ్ళ పిల్లలందరం ఆ మాట నమ్మే పెరిగాం.

అమ్మ నన్నూ, పసివాడైన తమ్ముణ్ణీ వదిలి పోయాక నాన్న ఆలమూరు వైపు నుంచి మారుపెళ్ళి చేసుకుని మా పిన్నిని తెచ్చాడు. ఆవిడ నాకు చేసిన అపకారం ఏమీ లేదు. అయినా ఆవిడ వండింది, ఆవిడ తిన్నాకే నేను ముట్టేవాణ్ణి. తమ్ముడికి తల దువ్వుతుంటే, ఎందుకింత ప్రేమ అని ఆరా తీసేవాణ్ణి. సవతి తల్లుల కథలు విని విని, ఈవిడ కూడా ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుందని కనిపెట్టుకుని ఉన్నాను.

ఎండలు ముదిరి పాయలో నీరు తగ్గిన రోజుల్లో తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. నాన్న ధవళేశ్వరం ఆనకట్టకు రాళ్ళు మోసే పడవ మీద వెళ్ళి ఉన్నాడు. పిల్లాడు లేచి నిలబడలేని స్థితికి వచ్చాడు. అప్పుడు పిన్ని వలల సామాను దగ్గరున్న బుట్టలోంచి ఎండు తుమికి ముక్కలు తీసి పొయ్యి మీద కాచడం చూశాను. నేను ఎదురుచూస్తున్నది ఇదే అనిపించింది. పరుగెత్తి మామ్మకు చెప్పాను.

"ఏమే, వలకి పట్టించేది బిడ్డకి పట్టిస్తావా?" అంది మామ్మ.

"మా ఊళ్ళో కడుపు జారితే ఇదే ఇస్తారండి అత్తా. ఆ వగరే కడుపు కడతాదండి. రవ్వంతేనండి, మజ్జిగలో."

"మీ ఊళ్ళో పడవలు లేవేంటి?"

"ఉన్నాయండి. వాటికీ ఇదే పూస్తారు, ఆయ్."

మామ్మకు నవ్వు వచ్చినట్టుంది, సగం మనసుతో సరేనంది. నేను మాత్రం ఒప్పుకోలేదు.

తమ్ముడు నా చేత్తో ఇస్తే తప్ప ఏదీ తాగేవాడు కాదు. అందుకని పిన్ని గిన్నె నాకిచ్చి పనిలోకి వెళ్ళేది. నేను దాన్ని తడిక వెనక ఇసుకలో పారబోసి, తాగేశాడని చెప్పేవాణ్ణి. తమ్ముణ్ణి కాపాడుకుంటున్నానని లోపల గర్వం కూడా. మర్నాటికి వాడి కళ్ళు లోతుకు పోయాయి. పిలిచినా పలకడం లేదు. నేను చూడనప్పుడు ఆవిడే ఏదో పెట్టి ఉంటుందనుకున్నాను కానీ, ఇది నా వల్లేనేమో అన్న ఊహ దరిదాపులకు రాలేదు. అనుమానం అలాంటిది. ఎదుటివాళ్ళ చేతుల్నే చూపిస్తుంది.

పుల్లల కోసం తడిక వెనక్కి వెళ్ళిన పిన్ని నల్లబడిన ఇసుక చూసింది. తిరిగి వచ్చి, కొత్తగా కాచిన గిన్నెతో నా ఎదురుగా కూర్చుంది. కొడుతుందనుకున్నాను. మామ్మను పిలుస్తుందనుకున్నాను. ఆవిడ సగం తనే తాగి, మూతి తుడుచుకుంది.

"నేను చచ్చేదాకా చూస్తావా నాయనా, ఈలోగా వాడికి పట్టిస్తావా?" అంది.

గొంతులో కోపం లేదు. కళ్ళు మాత్రం నిండి ఉన్నాయి. సిగ్గుతో చెబుతున్నాను, అప్పుడు కూడా నేను కదలలేదు. ఆవిడ ముఖంలో మార్పు వస్తుందేమోనని కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నాను. ఆవిడ కూడా నన్ను తొందర పెట్టకుండా అలాగే కూర్చుంది. చివరికి తమ్ముడు దాహమని మూలిగాడు. గిన్నె అందుకుని ముందు నేనొక గుక్క తాగాను. నోరంతా బిగుసుకుపోయింది, అంతే. మిగిలింది వాడికి పట్టించాను. ఆ తరవాత ఒక్క గుక్క కూడా పారబోయలేదు.

వాడు మెల్లగా తేరుకున్నాడు. గంజి తాగే ఓపిక వచ్చాక, పిన్ని చెట్టున పండిన తుమికిపండ్లు తెచ్చి, గింజలు తీసి, జిగురుగా ఉండే గుజ్జును వేలితో నాకించింది. బాగా మగ్గితే వగరు పోయి తియ్యనవుతుందనీ, జబ్బుపడి లేచినవాడికి ఓపిక ఇస్తుందనీ, నోరు పూసినప్పుడు కాయ కషాయం పుక్కిలిస్తే మంచిదనీ అప్పుడే చెప్పింది. ఎక్కువ తింటే మాత్రం కడుపు బిగిస్తుందట. మామ్మ చెప్పిందీ పూర్తిగా అబద్ధం కాదు. నేనూ ఒక పండు తిన్నాను, ఆవిడ తినేదాకా ఆగకుండా.

నాన్న వచ్చిన పూట నేను పడవ చాటున దాక్కున్నాను. పిన్ని చెప్పేస్తుందని నా భయం. ఆవిడ చెప్పింది వేరు. "వాడు తాగిన మందంతా పెద్దోడే పట్టించేడండి. వాడి చేత్తో అయితేనే తాగేడు."

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే దాన్ని కాదనే ధైర్యం నాకు రాలేదు. నాన్న రేవులో పదిమందికీ, మా పెద్దోడే తమ్ముణ్ణి బతికించేడని చెప్పుకునేవాడు. పిన్ని పక్కనుంటే "ఆయ్, నిజమేనండి" అనేది. ఒక్కసారైనా నా వైపు గుచ్చి చూసింది లేదు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ నాన్నకు నిజం చెబుదామనుకుంటూనే కాలం గడిపేశాను. ఇప్పుడు ఇద్దరూ లేరు.

నాలో అనుమానం చచ్చిపోయిందని చెప్పను. కొత్త మనిషి నా చేతిలో ఏది పెట్టినా ఈ వయసులో కూడా మొదట అదే లేస్తుంది. కానీ ఇదేమిటని ఆ మనిషినే అడుగుతాను. అడగకుండా పారబోయడం మాత్రం మానేశాను.