గడ కొసకు తగిలిన గుడి

మా మేనత్త పెళ్లి సంగమేశ్వరం గుడిలో జరిగింది. ఆ తర్వాత ఆ గుడి శ్రీశైలం డ్యాం నీళ్లలో మునిగిపోయింది. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడే బయటపడుతుంది. పట్నంలోని యాకుత్‌పురాకు కాపురానికొచ్చిన అత్త మళ్లీ దాన్ని చూడలేదు. మామయ్య పోయాక ఒక్కసారి చూడాలని ఉందంటే, నిరుడు తీసుకెళ్లాను. అప్పటికే వానలకు నీళ్లు పెరిగి శిఖరం కూడా మునిగింది.

నది మధ్యలో పడవ నడిపే అతను ఇంజిను ఆపి, చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

"ఏమైంది భాయ్?" అన్నాను.

"గుడి మీదికొచ్చినం అన్నా. కింద దేవుడున్నడు గద," అన్నాడు.

అత్త కూడా గబగబా చెప్పులు విప్పింది. "గింత దూరమొచ్చినా ఏం కనిపిస్తలేదు బిడ్డా," అని కళ్లు తుడుచుకుంది.

అతను పొడవాటి వెదురుగడను నీళ్లలోకి దించి, అటూ ఇటూ వెతికి, పైకొసను ఆమె చేతికిచ్చాడు. "మెల్లగ ఒత్తు అమ్మా. శిఖరమే."

గడ రాయికి తగలగానే అత్త ముఖం వెలిగిపోయింది. "తగిలింది రా! నువ్వు గూడ పట్టుకో!"

పట్టుకున్నాను. నీళ్ల కింద రాయి కదలకుండా గట్టిగా ఉంది.

"వేసంగిల నీళ్లు దిగంగనే ఫోన్ జేస్త అమ్మా. లోపలికే పోవచ్చు," అన్నాడతను.

నా నంబరు ఇవ్వబోతే అత్త ఆపింది. తన నంబరే చెప్పి, అతను ఒక్కో అంకె సరిగా కొడుతున్నాడా అని ఒంగి చూసింది.