బావ అడిగిన ఇంజను

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో తిరుపతిలో కంప్యూటరు పాఠాలు చెప్పుకుంటూ ఉండేవాణ్ణి. ఆ రోజుల్లో ఒకే ఆటను ఏడు గేమ్ ఇంజన్లలో తయారు చేశాను. ఏడు అబద్ధం. మూడు. మూడోది సగంలో ఆగింది.

ఇంజన్ అంటే ఆటలు తయారు చేసుకునే సాఫ్ట్‌వేరు. ఏది మంచిదో తేల్చాలని అన్నిట్లోనూ ఒకే ఆట పెట్టాను: పైనుంచి మామిడికాయలు రాలుతుంటే కింద గంపతో పట్టాలి. మొదటిదాంట్లో బొమ్మలు తెచ్చి పెడితే చాలు, పూటలో తయారైంది. కాయలు మాత్రం గంప అడుగులోంచి జారిపోయేవి. రెండోదాంట్లో కాయ ఎలా రాలాలో కూడా మనమే రాయాలి. చాలా రోజులు ఏడిపించింది కానీ, చెప్పినట్టు విన్నది. మూడోదాంట్లో కాయ చేత్తో అందుకోవచ్చనిపించేంత నిజంగా ఉండేది. నా కంప్యూటరు మోయలేక అది దూదిపింజలా దిగేది.

వడమాలపేట దగ్గర అక్కావాళ్ల ఊరికి పోయినప్పుడు టీ అంగట్లో, "మా ఇంట్లో మూడు ఇంజన్లు ఉండాయి" అన్నాను. అవి ఏ రకం ఇంజన్లన్నది చెప్పలేదు. అందరూ తలలూపుతుంటే చెప్పబుద్ధి కాలేదు.

నెల తిరక్కుండానే బావ ట్రాక్టరు వేసుకుని మా వీధిలో దిగాడు. బావి మోటరు కాలిపోయింది. చెనక్కాయ చేను ఊడలు భూమిలోకి దిగి కాయ పట్టే అదనులో ఉంది. ఇప్పుడు తడి అందకపోతే పంట పోయినట్టే.

"ఇంజన్లు యాడ పెట్టినావు బామ్మర్దీ? ఒకటి ఇయ్యి, నీళ్లు తోడుకోని మళ్లా తెచ్చిస్తా."

"దీంట్లో ఉండాయి బావా," అని కంప్యూటరు చూపించాను.

ఆయన వంగి బల్ల కింద కూడా చూశాడు. ఇక తప్పక ఆటలు చూపించాను. మూడూ ఓపిగ్గా చూశాడు.

నోరు ఊరుకోక, "ఏది బాగుండాది బావా?" అన్నాను.

"నీళ్లు తోడేది ఏదో చెప్పబ్బా, అది బాగుండాది అంటా."

ఖాళీ ట్రాక్టరుతో పంపడానికి మొహం చెల్లలేదు. నేనూ ఎక్కాను. పుత్తూరు దాకా అంగడి అంగడీ తిరిగి, చివరికి ఒక మెకానిక్ దగ్గర డీజిల్ ఇంజను బాడుగకు సంపాదించాం. బేరం నేనే చేశానని రాద్దామనుకున్నాను, చేసింది బావే. నేను ట్రాలీలో దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

పొద్దు గుంకేలోగా కాలవలోకి నీళ్లు వచ్చాయి. అక్క పార తీసుకుని ఒక్కో మడికీ నీళ్లు పారేలా మడవలు తిప్పుకుంటూ పోయింది. మేమిద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఇంజను మోతలో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. నా చొక్కా నిండా డీజిల్ వాసన.

చేను దక్కింది. ఊళ్లో అడిగినవాళ్లకంతా బావ, "మా బామ్మర్ది తిరపతి నుంచి ఇంజను తెచ్చినాడు" అని చెప్పుకున్నాడు. నేను కాదనలేదు.