నేను మాన్పించిన మ్యాథ్స్

2003 జూలైలో దేశ రాజధానిలో సరోజినీ నగర్ దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలకు మ్యాథ్స్ పీజీటీగా బదిలీ అయి వచ్చాను. పీజీటీ అంటే పదకొండు, పన్నెండు తరగతులకు పాఠం చెప్పే టీచరు. కామర్స్ పిల్లలకు మ్యాథ్స్ తప్పనిసరి కాదు. బదులుగా ఫిజికల్ ఎడ్యుకేషన్ తీసుకోవచ్చు. మార్చుకోవాలంటే ఆగస్టు చివరిలోగా ఫారం మీద తండ్రి, సబ్జెక్టు టీచరు సంతకం చేయాలి.

నాకిచ్చిన పదకొండో తరగతి కామర్స్ సెక్షన్‌లో స్వాతి అనే తెలుగమ్మాయి ఉండేది. తండ్రి అప్పారావు గారు ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు, విజయనగరం వైపు వారు. మొదటి యూనిట్ టెస్టులో స్వాతికి ఇరవై అయిదుకు తొమ్మిది వచ్చాయి. బోర్డు పరీక్షలో పిల్లలు తప్పితే సబ్జెక్టు టీచరు పైఆఫీసుకు సంజాయిషీ రాసుకోవాలి. అందుకని అనుమానంగా ఉన్నవాళ్లను మొదట్లోనే ఆ సబ్జెక్టు మాన్పించడం మాకు అలవాటు.

తండ్రిని పిలిపించి, అమ్మాయికి మ్యాథ్స్ బరువవుతుందని, కామర్స్‌లో దాని అవసరం కూడా లేదని చెప్పాను. ఆయన వెంటనే సంతకం పెట్టారు. స్వాతి మాత్రం, "మేడమ్, ప్లీజ్, హాఫ్ ఇయర్లీ దాకా ఉంచండి. నేను చేసేస్తాను, పక్కా," అంది. నేను ఒప్పుకోలేదు.

రెండేళ్ల తర్వాత, జూలై మొదటి వారంలో, అప్పారావు గారు మార్క్స్ షీటు పట్టుకుని స్టాఫ్ రూమ్‌కు వచ్చారు. స్వాతి పెద్ద కాలేజీలో ఎకనామిక్స్ ఆనర్స్ కటాఫ్ దాటింది. సర్టిఫికెట్లు చూసే టేబుల్ దగ్గర వెనక్కి పంపేశారు.

"ఆ కోర్సుకి మేథ్స్ ఉండాలంట మేడమ్. ఈ ముక్క మీకు తెలీదా?"

నాకు నిజంగా తెలియదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో యూనివర్సిటీ అడ్మిషన్ పుస్తకం ఒక్కసారి కూడా తెరవలేదు. ఏదైనా దారి ఉందేమోనని ఆయన్ను ప్రిన్సిపాల్ గదికి తీసుకెళ్లాను. ప్రిన్సిపాల్ పాత ఫైలు తెప్పించి చూసి, కాగితాలన్నీ సరిగానే ఉన్నాయని ఫారం ఆయన ముందు పెట్టారు. 'కారణం' అన్న గడిలో నా చేతిరాత: 'విద్యార్థిని స్వయంగా కోరినందువల్ల.'

అన్ని ఫారాల మీదా అదే రాసేవాళ్లం. అలా రాశానన్న సంగతే నాకు గుర్తు లేదు. అప్పారావు గారు రెండుసార్లు చదివారు. "మా పిల్ల ఉంచమని బతిమాలింది కదండీ," అన్నారు. ఆయన గొంతు పెంచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ప్యాసైన పిల్లలు మరుసటి ఏడాది ఒక సబ్జెక్టును అదనంగా, ప్రైవేటుగా రాసుకోవచ్చని బోర్డు నిబంధన ఉంది. అది చెప్పి, నేనే ఇంటికి వచ్చి చదువు చెబుతానన్నాను. మర్నాడు స్వాతి ఫోన్ చేసింది. "థాంక్యూ మేడమ్, నేను వేరేవాళ్ల దగ్గర చెప్పించుకుంటాను," అని పెట్టేసింది. ఆ ఏడాదంతా ఏ కాలేజీలోనూ చేరకుండా ఉండి, మ్యాథ్స్ పరీక్ష రాసి నూటికి ఎనభై ఒకటి తెచ్చుకుంది. మరుసటి జూలైలో, అంతకంటే చిన్న కాలేజీలో, ఎకనామిక్స్‌లోనే చేరింది. ఆ కబురు కూడా తండ్రే చెప్పారు.

తర్వాత తొమ్మిదేళ్లు పనిచేశాను. సబ్జెక్టు మార్పు సంతకానికి వచ్చిన ప్రతి పిల్లకూ ఏయే కోర్సుల తలుపులు మూసుకుంటాయో ముందు చూపించాను. టీచరు తన రిజల్టు కోసం సలహా ఇవ్వవచ్చు, కానీ అది పిల్లల మేలు కోసమని చెప్పకూడదు.