ఉగాది నాడు మా వదిన పడవెక్కింది

మా అత్తవారింట్లో ఉగాది పండగ కాదు, పరీక్ష. ఆ రోజు ఏం చేస్తే ఏడాది పొడుగునా అదే చేస్తామని ఒక మాట ఉంది కదా. ఏడిస్తే ఏడాదంతా ఏడుపు, నవ్వితే ఏడాదంతా నవ్వు. లోకంలో అందరూ ఆ మాట అనుకుంటారు, అనుకుని ఊరుకుంటారు. మా మామగారు ఊరుకునే రకం కాదు. ఆయన ఊరికి పంచాంగం చెప్పే మనిషి. ఊరికి చెప్పింది ముందు మనింట్లో జరగాలని ఆయన పట్టు. అందుకని పండగ ఇంకా వారం ఉందనగానే ఇంటిల్లిపాదినీ వీధి అరుగు మీద కూర్చోబెట్టి, రాబోయే ఏడు ఎవరికేం కావాలో, దానికి ఉగాది నాడు ఎవరేం చెయ్యాలో తేల్చేవారు. ఇంటిల్లిపాది అంటే మగవాళ్ళు. మేం గుమ్మం వెనకాల నిలబడి వినేవాళ్ళం.

మా ఆయనకి ధవళేశ్వరం ఆనకట్ట ఆఫీసులో గుమాస్తా అవ్వాలని కోరిక. ఉగాది నాడు తెల్లారేసరికల్లా కోటు తొడుక్కుని పీట మీద కూర్చుని ఇంగ్లీషు అక్షరాలు దిద్దేవారు. అసలే ఎండలు ముదిరే రోజులు, ఆపైన కోటు. చెమట కారి అక్షరాలన్నీ అలుక్కుపోయేవి. నేను కాపురానికొచ్చాక ఎన్ని ఉగాదులు దిద్దినా, ఆనకట్ట వాళ్ళు మాత్రం ఆయన లేకుండానే నెట్టుకొచ్చారు.

మామగారి కోరిక కోపాన్ని జయించడం. అబ్బో, ఆ కోపం! చెంబు ఎడమ పక్కన పెడితే కోపం, కుడి పక్కన పెడితే కోపం, పెట్టకపోతే చెప్పనే అక్కర్లేదు. ఉగాది నాడు మాత్రం ఎవరు ఏం చేసినా ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ కూర్చునేవారు. ఆ నవ్వుకి చంటిపిల్లలు జడుసుకునేవారు. ఆ ముచ్చట చూడ్డానికే ఇరుగుపొరుగు పెద్దమనుషులు పచ్చడి వంక పెట్టుకుని పొద్దున్నే వచ్చి కూర్చునేవారు. మర్నాడు మామగారు పళ్ళైనా తోముకోకుండా, నిన్నటి తిట్లూ కలిపి మొదలెట్టేవారు.

ఇక మా వదిన. మా ఆయనకి అక్కగారు. పసితనంలోనే పెళ్ళిచేసి పంపించారు, ఏణ్ణర్ధం తిరక్కుండా ఆ పెళ్ళికొడుకు కాస్తా పోతే వెనక్కి తీసుకొచ్చారు. అప్పట్నుంచీ తెల్లచీర, ముసుగు, వంటిల్లు. మా అత్తగారు నేను రాకముందే పోయారు. మామగారికి మడివంట తప్ప ముద్ద దిగదు, మడివంట అంటే వదిన వంటే. నేను తడిబట్ట కట్టుకుని వణుకుతూ నిలబడ్డా నా మడి ఆయనకి చాలేది కాదు. నిజం చెప్పొద్దూ, నేనూ దానికి పెద్దగా బెంగపెట్టుకోలేదు.

ఆ ఏడు అరుగు మీద కోరికలన్నీ తేలాక, వదిన గుమ్మం వెనకనించే అడిగింది.

“నాన్నగారూ, మరి ఉగాది నాడు నేనేం చేస్తాను?”

“నువ్వేం చేస్తావే, వంట చేస్తావు.”

“ఓహో. అందుకేనన్నమాట,” అని లోపలికి పోయి చింతపండు పిసకడంలో పడింది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

తీరా పండగనాటికి నేను బయట చేరాను. ఆ మూడు రోజులూ పెరటి వసారాలో ఓ మూల చాప, చెంబు, నేను. దేన్నీ ముట్టుకోకూడదు. ఉగాది నాడు ఊరికే కూర్చుంటున్నాను, ఏడాదంతా ఇలాగే కూర్చుంటాను కాబోలని లోపల్లోపల సంబరపడుతున్నాను. మా ఇంటి గుమ్మాలన్నీ ఒకే వరస, పెరట్లో కూర్చుంటే వీధి అరుగు కూడా కనిపిస్తుంది. అలా చూస్తుండగా వదిన తలారా స్నానం చేసి, ఆరిన చీర కట్టుకుని, చిన్న మూట చంకన పెట్టుకుని వీధి గుమ్మంలోకి వెళ్ళింది. అరుగు మీద మామగారు, పక్కన ఇద్దరు పెద్దమనుషులు.

“ఏమ్మా, ఎక్కడికి?” అన్నారు మామగారు నవ్వుతూ.

“పడవెక్కి వస్తానండి. కాలవ మీద పాలకొల్లు దాకా వెళ్ళి మళ్ళీ అదే పడవలో తిరిగొచ్చేస్తాను.”

“పొయ్యి వెలిగించావా?”

“లేదు నాన్నగారూ. ఈవేళ వంటింట్లో ఉంటే ఏడాదంతా వంటింట్లోనే. మీరు చెప్పిందే కదా. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు, మీ శాస్త్రం గట్టిది. ఈ ఏడు నాకు పడవలో ఉండాలనుంది.”

మామగారి మెడ నరాలు తాళ్ళలా లేచాయి. నవ్వు మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు నోరు విప్పి ఒక్క కేక వేస్తే వదిన లోపలికి వస్తుంది. కానీ కేక వేస్తే ఏడాదంతా కేకలే, కోపాన్ని జయించడం మాట దేవుడెరుగు. పైగా పక్కన పెద్దమనుషులు కళ్ళింత చేసుకుని చూస్తున్నారు.

“అలాగా తల్లీ. క్షీరారామలింగేశ్వరస్వామి దర్శనం కాబోలు. రేపు నేనే స్వయంగా తీసుకెళ్తాను,” అని పళ్ళ సందులోంచి అన్నారు.

“స్వామి ఎక్కడికీ పోడు లెండి. నేను పడవ కోసం వెళ్తున్నాను.”

“ఒక్కదానివీ... దారిలో నలుగురూ ఎదురొస్తారు...”

“నేను ఎదురొస్తే వాళ్ళకే అపశకునం. అందరూ తప్పుకుంటారు. దారంతా నాదే,” అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. పెద్దమనుషుల్లో ఒకాయన కండువా నోట్లో కుక్కుకున్నాడు.

ఇక వంట. నేను దేన్నీ ముట్టుకోవడానికి లేదు. మా ఆయన చేద్దామంటే కోటు విప్పాలి, విప్పితే ఏడాదంతా ఉద్యోగం లేనట్టేనని ఆయన భయం. ఉన్నప్పుడు కదా పోవడానికి! చివరికి మామగారే తడిపంచె కట్టుకుని వంటింట్లోకి దిగారు. కోటు వేసుకున్న కొడుకు గడప ఇవతల నిలబడి సామాన్లు చూపించడం, తండ్రి వాటిని వెతుక్కోవడం. ఆ రోజుల్లో కోడలు మామగారితో సూటిగా మాట్లాడకూడదు కాబట్టి నేను వసారా స్తంభంతో మాట్లాడాను.

“స్తంభమా, పచ్చడిలో వేపపువ్వు వెయ్యాలి గానీ కొమ్మ వెయ్యకూడదు.”

లోపల్నించి కొమ్మ తీసి విసిరేసిన చప్పుడు.

“స్తంభమా, ఎసరు మరక్కుండా బియ్యం పోస్తే అన్నం జావవుతుంది.”

“ఆ స్తంభాన్ని కాస్త ముందే చెప్పమనరా అబ్బాయ్!” అన్నారు మామగారు, నవ్వుతూనే. పొగకి కళ్ళు ఎర్రబడ్డాయి, మీసం కొన కాలింది. బొబ్బట్ల మాట ఎత్తకపోవడమే మర్యాద. ఆయన వండుతున్నారు గనక ఈ ఏడంతా ఆయనదే వంటన్నమాట అని కూడా స్తంభంతో అందామనుకున్నాను, ఎందుకులే అని మింగేశాను.

మధ్యాహ్నం ఆ జావ తాగి లేచాక ఆయన కొడుకుని పెరట్లోకి పిలిచి మెల్లిగా అన్నారు. మూల కూర్చున్నాను గనక నాకు వినపడింది.

“రేపు తెల్లారనీ. మళ్ళీ రేవు వైపు చూసిందో కాళ్ళు విరగ్గొట్టి కూర్చోబెడతాను. ఈ ఇంట్లో అదింక గడప దాటదు.” ఇదంతా నవ్వుతూనే.

ఆయన అన్నంత పనీ చేసే మనిషి. ఈ ఒక్కరోజు ముచ్చటకి వదిన ఉన్న ఆ కాస్త వీధి గుమ్మం కూడా పోగొట్టుకుంటుంది కదా అనిపించింది. సాయంత్రం అరుగు మీద పంచాంగ శ్రవణం జరిగింది. మామగారి రాశికి రాజపూజ్యం ఒకటి, అవమానం ఆరు. ఆ ముక్క ఆయన గబగబా చదివేసి పేజీ తిప్పేశారు. అవమానాల్లో ఒకటి పొద్దున్నే అయిపోయింది, ఇంక అయిదేగా అనుకున్నాను. అనుకున్నానే గానీ నాకు నవ్వు రాలేదు.

దీపాలు పెట్టే వేళకి వదిన వచ్చింది. ముసుగు భుజం మీదకి జారి ఉంది, సర్దుకోలేదు. కాళ్ళు కడుక్కుని, నా చాపకి ఇంత దూరంలో కూర్చుని, కుడిచెయ్యి చూసుకుంటూ ఉండిపోయింది. రేపటి సంగతి ఆమె చెవిన వేశాను. “తెలుసులే పిల్లా,” అంది.

మర్నాడు తెల్లారకుండానే మొదలైంది. మామగారు నూతి దగ్గర చెంబు పట్టుకుని నిలబడి లంకించుకున్నారు. ఎన్నడూ వినని తిట్లు తవ్వితీశారు. వదిన చేద పక్కన పెట్టి తలొంచుకుని వింది.

“దేవుడి కోసం కాదు, చుట్టాన్ని చూడ్డానికి కాదు! ఏముందే ఆ పడవలో? చెప్పు! ఊళ్ళో నా పరువు తీసి ఏం మూటగట్టుకొచ్చావు?”

“నన్ను అత్తారింటినించి తెచ్చింది పడవలోనే కదా నాన్నగారూ,” అంది వదిన. గొంతు పెంచలేదు. “మీరే వచ్చి తీసుకొచ్చారు. పెళ్ళికెళ్ళేప్పుడు బండి. పడవెక్కడం నాకదే మొదలు. ఎంత సంబరమో. అంచున కూర్చుని నీళ్ళల్లో చెయ్యి పెట్టాను. మీరు చెయ్యి మీద ఒక్కటి కొట్టారు. ‘ఇంక నీకు ఆటలేమిటే’ అన్నారు.”

మామగారు ఏదో అనబోయారు. ఆమె ఆగలేదు.

“అప్పటిదాకా ఆయన పోయారని నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు. గాజులు తీసేసినా, చీర మార్చినా, పుట్టింటికి పోతున్నాను గనకే అనుకున్నాను. ఆ దెబ్బతో తెలిసింది. నిన్న పోయేప్పుడూ వచ్చేప్పుడూ ఈ చెయ్యి నీళ్ళల్లోనే పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ కొట్టలేదు.”

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఉగాది వెళ్ళిపోయింది కదా, ఏడవచ్చు.

మామగారు చెంబు నూతి గట్టు మీద పెట్టి, దాని పక్కనే కూర్చుండిపోయారు.

“నీళ్ళు చల్లగా ఉన్నాయా అమ్మా?” అన్నారు.

“చల్లగానే ఉన్నాయి నాన్నా.”

“వేసవికి కాలవ కట్టేసే రోజులొచ్చేశాయి, పడవలు ఆగిపోతాయి. ఈలోగా ఇంకోసారి వెళ్ళిరా.”